ఏడో మెట్టు

జూన్ 4

పెదనాన్న గారికి,

పిచ్చుక నమస్కారాలు. ఏడాదిగా ఉలుకూ పలుకూ లేనిదానికి ఇవాళ నేనెందుకు గుర్తొచ్చానని దెప్పుతారని తెలుసు. దెప్పండి. ఫోను చేద్దామంటే మీకు వినపడదు, నేను అరిస్తే మా వీధంతా వినపడుతుంది. అందుకని కాగితమే నయం అనుకున్నాను.

ఒక గిటారు కొన్నాను. మా కళ్లజోళ్ల దుకాణం పక్కన సంగీతం సామాన్ల కొట్టు ఉంది. దాని కిటికీలో ఓ గిటారు తొమ్మిదేళ్లుగా వేలాడుతోందట. భోజనానికి వెళ్తూ రోజూ దాన్ని చూసేదాన్ని. కిందటి నెల ఎందుకో కాళ్లు కదలక లోపలికి వెళ్లి అడిగాను. కొట్టాయన దులిపి చేతిలో పెట్టి, ఇన్నేళ్లలో ఎవరూ దీని ధర కూడా అడగలేదమ్మా, తీసుకుపో, నాకు అడ్డం తప్పుతుంది అన్నాడు.

చవకరకం లెండి. కొన్ని చోట్ల వేలు పెడితే తీగ మోగడం మానేసి గరగరమంటుంది. ఆ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల్ని ఇక్కడ ఫ్రెట్లంటారు, వాయిద్యాలు బాగుచేసే రోజుల్లో మీరు మెట్లు అనేవారు కదూ. వాటిని సాపు చేయించాలంటే మొత్తం గిటారు ఖరీదు కంటే ఎక్కువవుతుందన్నాడు కొట్టాయన. నేనే చేసుకుంటాను, నేర్పండి. రోజంతా అద్దాలు అరగదీసేదాన్ని, వెంట్రుకవాసి తేడా నా వేలికి తెలుస్తుంది.

నాన్న వాయించేవాడని మీరు ఒకే ఒక్కసారి అన్నారు. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ ఊసు ఎత్తనివ్వలేదు. నాకు రెండేళ్లప్పుడు పోయిన మనిషి. నాన్నది అని చెప్పుకోవడానికి నా దగ్గర ఈ ముక్కు తప్ప ఏమీ లేదు. ఈ గిటారైనా తిన్నగా మోగితే ఆయనకి దగ్గరగా ఉన్నట్టుంటుందని ఆశ. నవ్వకండి.

మీ పిచ్చుక


జూన్ 12

పిచ్చుకా,

దెప్పమన్నావు గనక దెప్పను. నవ్వనూ లేదు.

ముందు ఆకురాయి జోలికి పోకు. కొత్తగా నేర్చుకునేవాళ్లందరూ చేసే వెధవ పని అదే, కొనగానే అరగదీయడం. తీసేసిన లోహం మళ్లీ అతుక్కోదు. మొదట తీగలన్నీ ఊడదీసి ఒక డబ్బాలో పెట్టు. మెడ వంగి ఉంటే లోపలి ఇనుప కడ్డీని తిప్పి తిన్నగా చెయ్యి, ఒకసారికి పావు చుట్టు మించకు. తిన్నటి అంచున్న ఒక గట్టి రేకు ముక్క తీసుకుని మూడేసి మెట్ల మీద నిలబెట్టి చూడు. అది ఊయలలా ఆడితే మధ్యది ఎత్తుగా ఉన్నట్టు. చెక్కకి గీతలు పడకుండా మెట్ల మధ్య టేపు అంటించు. తర్వాత ప్రతి మెట్టు నెత్తిన మార్కర్‌తో నల్ల సిరా పుయ్యి. బద్దకి గరుకు కాగితం చుట్టి పొడుగునా రుద్దితే ఎత్తుగా ఉన్న చోట సిరా ముందు పోతుంది, పల్లంగా ఉన్న చోట మిగులుతుంది. అన్నిటి మీదా సిరా పోయేదాకా రుద్దాలి. అప్పుడు మళ్లీ సిరా పూసి, ఆకురాయితో మెట్టుకి గుండ్రం తేవాలి, నడినెత్తిన సన్నటి నల్ల గీత మిగిలేట్టు. పని అంతే. పట్టే ఓపికే చాలామందికి ఉండదు.

కానీ ఇవన్నీ చేసే ముందు నాకో కాగితం పంపు. నా దగ్గరికి ఏ వాయిద్యం వచ్చినా మెట్ల మీద కాగితం పరిచి పెన్సిలుతో రుద్దేవాణ్ణి. కడ్డీ నల్లగా పడుతుంది, అరిగిన గుంట తెల్లగా మిగులుతుంది. ఎవరు వాయించారో, ఎలా వాయించారో ఆ గుంటలే చెప్తాయి. చెవులు పోయాక నాకు మిగిలిన సంగీతం అదే. కాగితం చూసి, పని చేయదగ్గదైతే నా పాత ఆకురాయి పంపిస్తాను.

తిండి సరిగ్గా తిను.

మీ పెదనాన్న


జూన్ 20

పెదనాన్న గారికి,

కాగితం ఈ కవరులోనే ఉంది. మడత పడకుండా అట్ట పెట్టాను.

నాకొకటి అర్థం కాలేదు. కొట్టాయన దీన్ని ఎవరూ వాయించలేదని ఒట్టేసి చెప్తున్నాడు. పెట్టెలోంచి తీసి కిటికీలో తగిలించిందే తను, దించిందీ తనే. లోపలి చీటీ మీద కూడా తొమ్మిదేళ్ల కిందటి తేదీయే ఉంది. మరి ఈ గుంటలేమిటి? రెండో మెట్టు, మూడోది, ఐదోది బాగా అరిగాయి. ఏడో మెట్టు మీద గుంట అన్నిటికన్నా లోతు, పైగా ఏటవాలుగా ఉంది. వేలు తిన్నగా దిగకుండా పక్కకి వాలి నొక్కినట్టు. నా వేళ్లన్నీ పెట్టి చూశాను, ఒక్కటీ అలా కుదరలేదు. తీగ ఆ గుంటలో దిగబడి ఎనిమిదో మెట్టుకి తగులుతోంది, గరగర అక్కడిదే.

నాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ కింది వాటాలో ఉంటుంది. నేను గది ఊడవకపోయినా కనిపెట్టే మనిషి. గిటారు చూసి, ఇక ఆ మోత నేను భరించాలన్నమాట అని నిట్టూర్చింది. ఇంకా ఒక్క పాటా రాని దాన్ని, ఆమె భరించాల్సింది నా ఆకురాయి చప్పుడే.

మీ ఆకురాయి కోసం ఎదురుచూస్తూ,
మీ పిచ్చుక


జూన్ 27

అమ్మాయ్,

ఆ పని ఇంతటితో ఆపు. ఆకురాయి పంపడం లేదు. గిటారు ఎలా ఉందో అలాగే గోడకి తగిలించు. మెట్ల మీద చెయ్యి వెయ్యకు.

కొట్టు ఏ వీధిలో ఉందో, నువ్వు గిటారు కొన్నది ఏ తారీకునో రాయి.

పెదనాన్న


జూలై 5

పెదనాన్న గారికి,

ఉత్తరం చూసి ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. పిచ్చుకా అని పిలిచే మనిషి అమ్మాయ్ అని రాస్తే ఏమనుకోవాలి? నా పెన్సిలు గీతలు చూసి ఈ పిల్లకి ఈ పని రాదని తేల్చేశారన్నమాట. రాదని తిన్నగా చెప్పొచ్చుగా. మీ ఆకురాయి మీ దగ్గరే దాచుకోండి. ఇనప సామాన్ల కొట్లో నేనొకటి కొనుక్కున్నాను. గిటారు కొన్నది మే పదకొండున. కొట్టు మా దుకాణం పక్కనే అని ముందే రాశాను.

పని మొదలుపెట్టేశాను. తీగలు ఊడదీసి బిస్కెట్ల డబ్బాలో పెట్టాను, మెడ తిన్నగా చేశాను, టేపు వేశాను. సోమవారం పొద్దున మెట్లన్నిటికీ సిరా పూసి, ఆరనిచ్చి, గిటారుని బల్ల మీద పడుకోబెట్టి, తాళం వేసి పనికి వెళ్లాను. సాయంత్రం వచ్చి చూస్తే రెండు, మూడు, ఐదు, ఏడు మెట్ల మీద సిరా పోయి ఉంది. అంతటా కాదు, ఆ గుంటలున్న చోటే. ఏడో దాని మీద ఏటవాలుగా. సరిగా ఆరలేదేమో అనుకుని మంగళవారం మళ్లీ పూశాను. మళ్లీ అంతే. బుధవారం తలుపు కింద సందులో దారం పెట్టి వెళ్లాను. దారం కదల్లేదు, సిరా మాత్రం పోయింది.

రెండో తాళంచెవి ఇంటావిడ దగ్గరే ఉంటుంది గనక ఆమెని అడిగాను. నీ గదిలోకి రావాల్సిన ఖర్మ నాకేంటి అంది. అని ఊరుకోలేదు. వాయిస్తే వాయించావు గానీ, మధ్యాహ్నం పూట ఆ ఒక్క పాటే ఎందుకు పట్టుకుంటావు, బాగా సాగుతూ సాగుతూ ఒక చోటికొచ్చి టక్కున ఆగిపోతావు, మళ్లీ మొదలు, నాకు కునుకు పట్టదు అంది.

మధ్యాహ్నం నేను దుకాణంలో ఉంటాను. తీగలు బిస్కెట్ల డబ్బాలో ఉన్నాయి. నాకు భయమేస్తోంది పెదనాన్నా. మీరు కోప్పడినా సరే, ఏదైనా రాయండి.

పిచ్చుక


జూలై 13

పిచ్చుకా,

నీకు పని రాదని నేననుకోలేదు. నలభై ఏళ్లలో అంత శుభ్రంగా తీసిన కాగితం చూడలేదు. అందుకే గుర్తుపట్టాను.

మీ నాన్నకి ఎడమ చేతి ఉంగరపు వేలు సగమే ఉండేది. మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. వాడికి పద్నాలుగేళ్లు, నాకు ఇరవై రెండు. నా పనిగదిలో చెక్క కోస్తూ, ఇటు పట్టుకోరా తమ్ముడూ అన్నాను. పట్టుకున్నాడు. రంపం నా చేతిలో ఉంది. అంతకన్నా ఆ సంగతి రాయలేను.

ఇక వాయించలేడన్నారందరూ. వాడు ఏడాది తిరక్కుండా ఆ మొండి వేలుని పక్కకి వాల్చి నొక్కడం నేర్చాడు. ఏడో మెట్టు దగ్గర వాడి వేలు అలా వాలేది. లోకంలో ఇంకెవరికీ ఆ గుంట పడదు. నువ్వు పంపిన కాగితం మీద ఉన్నది మీ నాన్న చెయ్యి.

పోయి ఇరవై నాలుగేళ్లయిన మనిషి తొమ్మిదేళ్ల గిటారు ఎలా వాయించాడని అడక్కు. నాకు తెలిసింది కొంచెం. అది ఇంకో ఉత్తరంలో రాస్తాను, ఇవాళ చెయ్యి ఆడటం లేదు. ప్రస్తుతానికి నేను చెప్పింది చెయ్యి. భయపడకు, వాడు ఈగకి కూడా హాని చేసే రకం కాదు. కావాలంటే సిరా పుయ్యి, చూసుకో. కానీ ఏడో మెట్టు ముట్టుకోకు. పని సాగదీయి. కారణం తర్వాత చెప్తాను.

మీ పెదనాన్న


జూలై 22

పిచ్చుకా,

తొమ్మిది రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను, చింపుతున్నాను. ఇక రాసేస్తాను.

మీ నాన్న గిటారు నా దగ్గరే ఉంది. పనిగదిలో, బల్ల మీద. వాడు ఒక బృందంతో వాయించడానికి దూరంగా వెళ్లే ఏర్పాటు చేసుకున్నాడు. మెట్లు అరిగిపోయాయి, సాపు చేసివ్వు అని గిటారు నాకిచ్చాడు. రెండు రోజుల పని. వాడు వెళ్లడం నాకిష్టం లేదు. చిన్నప్పటి నుంచి నా బల్ల పక్కనే పెరిగినవాడు, వాడు లేని గది ఊహించుకోలేకపోయాను. వద్దని చెప్పడానికి నోరు రాలేదు. వాడి వేలు తీసేసిన అన్నని, ఏ మొహంతో ఆపను? అందుకని పని ఆపాను. రోజూ సాయంత్రం గడప దగ్గర నిలబడి, అయిందా అన్నయ్యా అనేవాడు. రేపు అనేవాణ్ణి. నలభై రోజులు అలా గడిపాను. ఒక్కసారి విసుక్కోలేదు.

ఆఖరికి ఎవరిదో గిటారు అరువు తీసుకుని బయల్దేరాడు. వాళ్లెక్కిన వ్యాను వంతెన మీంచి పడిపోయింది.

ఏడాది ఆ గది తెరవలేదు. తెరిచిన రోజు గిటారు మీద వేలెడు దుమ్ము ఉండాలి. ఉంది. మెట్ల మీద మాత్రం ఆ నాలుగు చోట్లా లేదు. తుడిచి చూశాను. మళ్లీ దుమ్ము పట్టింది, మళ్లీ ఆ నాలుగు చోట్లా చెరిగింది. పని కాలేదు గనక వస్తున్నాడని నాకర్థమైంది. అప్పటికి నా చేతులు బాగానే ఉన్నాయి, రెండు రోజులు కూర్చుంటే అయిపోయేది. చెయ్యలేదు. పూర్తి చేస్తే ఇక రాడు కదా. రోజూ దుమ్ము చూసి, రేపు తమ్ముడూ అని పైకే చెప్పి తలుపు వేసేవాణ్ణి. ఇన్నేళ్లూ నేను పెళ్లీ పెటాకులూ లేకుండా ఎలా ఉన్నానని ఊళ్లో అందరూ అడిగేవారు. నేను ఒంటరిగా ఎప్పుడూ లేను.

తొమ్మిదేళ్ల కిందట దుమ్ము రోజు విడిచి రోజు చెరగడం మొదలైంది. నా కళ్లు కూడా పోతున్నాయేమో అనుకున్నాను. మే పదకొండు తర్వాత ఒక్కసారీ చెరగలేదు. నువ్వు తారీకు రాశాక తెలిసింది, మిగతా రోజులు వాడెక్కడున్నాడో. నువ్వు రోజూ నడిచే దారిలో, ఆ కిటికీలో కూర్చుని, నీకోసం మెట్లు అరగదీసేవాడు.

మొదట కుళ్లుకున్నాను. అందుకే అలా పొడిగా రాశాను, క్షమించు. ఇప్పుడు లేదు. నీ దగ్గరుండటమే న్యాయం. కానీ ఏడో మెట్టు ముట్టుకోకు. పూర్తయితే నీ దగ్గరికీ రాడు.

మీ పెదనాన్న


జూలై 23

పెదనాన్న గారికి,

మీరు ఇంకో ఉత్తరం రాస్తానన్నారు, అది వచ్చేదాకా ఆగలేకపోయాను. ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను, అందుకే రాస్తున్నాను.

మీరు నాన్న వేలి గురించి రాసిన రోజు నుంచి నాకు భయం పోయింది. పొద్దున సిరా పూసి, వెళ్లొస్తా నాన్నా అని చెప్పి బయల్దేరేదాన్ని. సాయంత్రం ఆ నాలుగు చోట్లా చూసుకునేదాన్ని. ఇంటికొస్తే ఎవరో ఉన్నట్టు ఉండటం ఎలా ఉంటుందో నాకు ఈ వయసులో తెలిసింది. అన్నం కూడా కుదురుగా కూర్చుని తిన్నాను, మీరు నమ్మరు.

కానీ ఇంటావిడ అన్న మాట మనసులో తొలిచింది. రోజూ అక్కడే ఆగిపోతావేం అని. ఆగేది ఏడో మెట్టు దగ్గరే, ఆ గరగర దగ్గరే. పాట ముందుకు సాగక మళ్లీ మొదట్నుంచి, మళ్లీ మొదట్నుంచి. ఎన్నేళ్లుగా అలా కొట్టుకుంటున్నాడో. మీరు వద్దన్నది ఆ రంపం సంగతి మనసులో పెట్టుకునే అనిపించింది. ఆ వేలి గుర్తు చెరిపేస్తే మీ తప్పు చెరిపేసుకున్నట్టవుతుందని మీకు బాధేమో. కానీ నాన్న పాట పూర్తి కావడం అంతకన్నా ముఖ్యం కదా.

మూడు రాత్రులు పట్టింది. ఏడో దాని గుంట ఎంత లోతుందో, ఏడోదానితో సహా మెట్లన్నీ అంత దించాను. గుండ్రం తెచ్చాను, సన్నటి నల్ల గీత మిగిలేట్టు, మీరు చెప్పినట్టే. అద్దంలా మెరిసేదాకా పాలిష్ చేసి కొత్త తీగలు వేశాను. ప్రతి మెట్టు మీదా మీటి చూశాను, గంటలా మోగింది. నిన్న పొద్దున చివరిసారి పలచగా సిరా పూసి పనికి వెళ్లాను.

వచ్చేసరికి ఇంటావిడ గుమ్మం మెట్ల మీదే కూర్చుని ఉంది. ఇవాళ పూర్తిగా వాయించావు, పనులు మానుకుని విన్నాను, చివర్లో ఏడిపించావు పిల్లా అంది. ఆమె నన్ను పిల్లా అనడం ఇదే మొదలు.

మీ దీవెనలు కావాలి. పని నేర్పింది మీరే.

మీ పిచ్చుక


ఆగస్టు 3

పెదనాన్నా,

మీ ఉత్తరం ఇరవై ఏడున అందింది. నాది మీకూ అందే ఉంటుంది.

రోజూ సిరా పూస్తున్నాను. పొద్దున ఎలా పూశానో సాయంత్రం అలాగే ఉంటోంది. పన్నెండు రోజులు. పూసిన చేత్తోనే తుడిచేసి మళ్లీ పూస్తున్నాను. నిన్న ఇంటావిడ, మానేశావేం, మధ్యాహ్నాలు బోసిపోయాయి అంది. ఆమె ముందే ఏడ్చేశాను.

తర్వాత చెప్తానని ఎందుకన్నారు? ఆ ఒక్క ముక్క అదే ఉత్తరంలో రాసి ఉంటే ఏడో మెట్టు అలాగే ఉండేది. మిమ్మల్ని తిట్టాలని కూర్చున్నాను, తిట్టలేకపోతున్నాను. ఎందుకంటే నిజం తెలిసినా ఆ పాటని అలా సగంలో వదిలేసేదాన్నా అని ఆలోచిస్తే జవాబు తెలియడం లేదు. మా నాన్న చెయ్యి నా చేతికి దొరికింది. నేనే గరుకు కాగితంతో అరగదీసి, ఆ రజను చీపురుతో ఊడ్చి పారేశాను.

మీకు పంపిన పెన్సిలు కాగితం ఉందా? ఉంటే పంపండి. అదొక్కటే మిగిలింది.

పిచ్చుక


ఆగస్టు 9

పిచ్చుకా,

తిట్టి ఉండాల్సింది. తమ్ముడికి రేపు రేపు అన్నవాణ్ణి, నీకు తర్వాత అన్నాను. బుద్ధి రాలేదు.

కాగితం పంపడం లేదు. ఎందుకో చెప్తాను, ఇందులోనే చెప్తాను.

మొన్న సాయంత్రం నీ ఉత్తరం చేత్తో పట్టుకుని పనిగది తలుపు తీశాను. గిటారు మీద మూడు నెలల దుమ్ము సమంగా పరుచుకుని ఉంది. రెండో మెట్టు మీద ఉంది, మూడో దాని మీద ఉంది, ఐదో దాని మీద ఉంది. ఏడో దాని మీద లేదు. ఒక్క గీత, ఏటవాలుగా, అప్పుడే చెరిపినట్టు.

నీ దగ్గర పాట పూర్తయింది గానీ నా దగ్గర పని పూర్తి కాలేదు. అది నువ్వు కొన్న గిటారు. ఇది వాడు నా చేతికిచ్చిన గిటారు.

నాకు చెవులు పోయి పదకొండేళ్లు. ఉరిమినా వినపడదు. అలాంటివాణ్ణి, నా వెనక గడప దగ్గర విన్నాను. అయిందా అన్నయ్యా. అదే గొంతు, అదే విసుగులేని గొంతు. వెనక్కి తిరగలేదు. ఇరవై నాలుగేళ్ల అలవాటున రేపు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"మీ అమ్మాయి వస్తోందిరా," అన్నాను. "నాకన్నా బాగా చేస్తుంది."

తర్వాత పక్కన ముక్కాలిపీట జరిగిన చప్పుడైంది. వాడు చిన్నప్పుడు నా పని చూస్తూ కూర్చునే పీట అది. తిరిగి చూస్తే గోడ వారగా ఉండాల్సింది బల్ల పక్కన ఉంది. ఇంకా అక్కడే ఉంది, నేను కదపలేదు.

నా చేతులు వణుకుతున్నాయి, ఈ అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది. ఆకురాయి తీసి నూనె రాసి పెట్టాను. కాగితం బల్ల మీద ఉంది, వచ్చి తీసుకో. రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ వాడు మన పక్కన కూర్చుంటాడు. ఆ తర్వాత ఉండడు, అది తెలిసే రా. నేనూ తెలిసే పిలుస్తున్నాను.

ఉత్తరం అందగానే బయల్దేరు. నా చేత మళ్లీ రేపు అనిపించకు.

మీ పెదనాన్న